కళ శీలమును దిద్దునా?

కళలు మనుష్యుని శీలమును దిద్దునా అను ప్రశ్న మిక్కిలి ప్రాతది. అయినను పరీక్షల కాలము సమీపించినప్పుడెల్ల మన యిండ్లలో అది క్రొత్తగా తలయెత్తుచునే యుండును. కుమారుడు కళాశాల నాటకములో వేషము కట్టుదునన్నచో తండ్రి సమ్మతింపడు. "ఆటపాటలు కూడు పెట్టవు, పైగా పిల్లవానిని చెడగొట్టును" అనును. ఆ యింటనే మఱియొకరు "సంగీతము తెలిసినవాని హృదయము వెన్న వంటిది, వాడు ఇతరులకు కీడు తలపెట్టలేడు" అని వాదింతురు. మొదటివారు కళను వ్యసనముగా నెంచిరి. రెండవవారు దానిని ఔషధముగా నెంచిరి. రెండు మాటలును ఎంత నమ్మకముతో పలుకబడుచున్నవో అంత శ్రద్ధతో పరీక్షింపబడినవి కావు.

ఇది కుటుంబములకు మాత్రమే సంబంధించిన చింత కాదు. పాఠశాలలను, కళాశాలలను, విద్యార్థి వసతిగృహములను నడుపు మఠములకును ఇది నిత్యసమస్యయే. వార్షికోత్సవమునకు ఎంత ధనము వెచ్చింపవలెను? ఎన్ని దినములు తరగతులను విడిచి పిల్లలు అభ్యాసము చేయవచ్చును? పేద విద్యార్థుల భోజనమునకే నిధులు చాలనప్పుడు రంగస్థలమునకు తెరలు కొనుట ధర్మమా? ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పవలెనన్న, కళ వలన మనుష్యుడు మంచివాడగునా కాడా అను మూలప్రశ్నను ముందుగా తేల్చుకొనవలసి యున్నది. ఊహలతో వాదించుట కంటె ఒక దృష్టాంతమును ఆద్యంతము పరిశీలించుట మేలు. దృష్టాంతము దూరదేశమునకు చెందినది. దూరపు వస్తువును రాగద్వేషములు లేక చూడవచ్చునను తలంపుతోనే దానిని గ్రహించితిని.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో నార్త్ కరొలైనా అను రాష్ట్రము కలదు. అచట ఆష్‌విల్ పట్టణమునకు సమీపమున, కొండల నడుమ, 1933వ సంవత్సరమున బ్లాక్ మౌంటెన్ కళాశాల స్థాపింపబడెను. ఫ్లారిడాలోని రాలిన్స్ కళాశాల నుండి తొలగింపబడిన జాన్ ఆండ్రూ రైస్ అను అధ్యాపకుడును, ఆయనతో వెడలి వచ్చిన కొందఱు సహచరులును దానికి మూలపురుషులు. ఆ కళాశాలకు పైనుండి శాసించు ధర్మకర్తల మండలి లేదు. అధ్యాపకులే దానికి యజమానులు. విద్యార్థులందఱును విధిగా చదువవలసిన పాఠ్యములు లేవు. పట్టము కోరిన విద్యార్థిని పరీక్షించుటకు వెలుపలి నుండి విద్వాంసులను రప్పించెడివారు. ఇతర కళాశాలలలో చిత్రలేఖనము, సంగీతము, నాటకము సాయంకాలపు వినోదములుగా నుండగా, ఇచట అవి విద్యకు నట్టనడుమ నిలిచినవి.

ఆ 1933వ సంవత్సరముననే జర్మనీ దేశములో నాజీల ఒత్తిడికి బౌహౌస్ అను ప్రసిద్ధ శిక్షణాలయము మూతపడెను. అందలి అధ్యాపకుడు జోసెఫ్ ఆల్బర్స్, నేతపనిలో నిపుణురాలగు ఆయన భార్య ఆనీ ఆల్బర్స్ ఆ కొండలలోని కళాశాలకు వచ్చి చేరిరి. భార్య మగ్గము దగ్గఱ కూర్చుండి నేత నేర్పెను. భర్త చిత్రలేఖనము నేర్పెను. అప్పటికి ఆంగ్లభాష అంతగా రాని ఆల్బర్స్, మీ బోధనకు లక్ష్యమేమి అని యడిగినవారికి కన్నులు తెరపించుటయే అను భావము వచ్చునట్లు బదులు చెప్పెనందురు. ఈ మాటను పాఠకులు గుర్తుంచుకొందురు గాక. మన ప్రశ్నకు సమాధానము వెదకునప్పుడు దీనితో పని యున్నది.

ఆ కళాశాలలో చదువుతో పాటు పనియు నుండెను. పొలము దున్నుట, పశువులను సాకుట, వంటశాలలో వడ్డించుట, కట్టెలు మోయుట, బట్టలుతుకు చోట తోడ్పడుట మొదలగునవి విద్యార్థులు, అధ్యాపకులు పంచుకొనెడివారు. 1940, 1941 సంవత్సరములలో ఈడెన్ సరస్సు నొద్ద క్రొత్త విద్యాభవనమును వారు చాల వఱకు తమ చేతులతోనే కట్టుకొనిరి. ఆచార్యుడు సుత్తె పట్టగా శిష్యుడు పలక నందించెను. 24 సంవత్సరముల జీవితములో అచట చదివిన వారి సంఖ్య 1,200 మించలేదు. మన జిల్లాలలోని సామాన్యమైన కళాశాల యొక్క సంవత్సరములోనే అంతమందిని చేర్చుకొనుచున్నది.

1944వ సంవత్సరము నుండి ఆ కళాశాల వేసవికాలమున ప్రత్యేక శిక్షణ నడుపసాగెను. ప్రసిద్ధులు, అప్రసిద్ధులు అగు కళాకారులు వచ్చి కొన్ని వారములు నివసించి బోధించెడివారు. 1948వ సంవత్సరపు వేసవి వానిలో మిక్కిలి పేరొందినది. ఆ యేటి వసంతమున స్వరకర్త జాన్ కేజ్, నర్తకుడు మెర్స్ కన్నింగ్‌హామ్ దారిలో ఆగి అచట ప్రదర్శనలిచ్చిరి. వారికి చెల్లించుటకు కళాశాల యొద్ద పైకము లేదు. వారు తిరుగు ప్రయాణమునకు కారు కదలించి చూడగా, దాని క్రింద విద్యార్థులును అధ్యాపకులును ఉంచిన చిత్రములు, తినుబండారములు మొదలగు కానుకలు కనబడెనని కేజ్ తరువాత చెప్పుచుండెడివాడు. ఎవరు ఏమి ఉంచిరో తెలియదు. ఉన్నదానిలో నుండి ఉంచిరి. మనవారు దాసోహమను మాటకు ఇచ్చు అర్థమునకు ఇది అంత దూరమైనది కాదు.

వేసవి వచ్చినంతనే కేజ్, కన్నింగ్‌హామ్ మఱల వచ్చిరి. చిత్రకారుడు విలెం డి కూనింగ్, ఆయన భార్య ఎలేన్ వచ్చిరి. అప్పటికి లోకమునకు అంతగా తెలియని బక్‌మిన్‌స్టర్ ఫుల్లర్ అను నిర్మాణశిల్పి వచ్చెను. ఫ్రాన్సు దేశపు స్వరకర్త ఎరిక్ సాటీ రచనలను కేజ్ రాత్రి భోజనానంతరము చిన్న చిన్న కచేరీలుగా వినిపించెను. సాటీ వ్రాసిన హాస్యనాటకమొకటి ఆగష్టు మాసమున ప్రదర్శింపబడెను. అందు ముఖ్యపాత్రము నటనానుభవము లేని ఫుల్లర్‌ది. కుమార్తె పాత్రము ఎలేన్ డి కూనింగ్‌ది. కోతి వేషము కన్నింగ్‌హామ్‌ది. నడువది దాటి యాబదికి మీదనున్న ఫుల్లర్ పదిమంది యెదుట నవ్వులపాలగుదునేమో యని వెనుదీయగా, ఆర్థర్ పెన్ అను యువకుడు ఆయన సిగ్గు పోగొట్టి నటింపజేసెను. ఆ పెన్ తరువాతి కాలమున పేరుగాంచిన చలనచిత్ర దర్శకుడయ్యెను.

ఆ వేసవిలోనే ఫుల్లర్ విద్యార్థులతో కలసి ఒక గోపురమును నిలబెట్ట దలచెను. స్తంభములు లేక, తేలికయగు బద్దలను త్రికోణములుగా కూర్చి, 48 అడుగుల వ్యాసము గల అర్ధగోళమును లేపుట ఆయన సంకల్పము. మంచి లోహమునకు ధనము చాలక కిటికీ తెరలకు వాడు పలుచని పట్టీలతో పని ప్రారంభించిరి. అందఱును చూచుచుండగా బిగింపులు పూర్తియయ్యెను. గోపురము లేవలేదు. నేలపై చుట్టలు చుట్టుకొని పడియుండెను. చూచినవారు దానికి శయనగోపురమను అర్థము వచ్చు పేరు పెట్టి నవ్వుకొనిరి. ఫుల్లర్ తానును వారితో నవ్వెను. మఱుసటి వేసవి, అనగా 1949లో, ఆయన మఱల వచ్చి గట్టి లోహపు గొట్టములతో చిన్న గోపురమును నిలిపెను. విద్యార్థులు దాని కమ్ములను పట్టుకొని వ్రేలాడి దాని బలమును పరీక్షించిరి. 1967లో మాంట్రియల్ నగరపు ప్రపంచ ప్రదర్శనమున అమెరికా దేశపు మండపముగా వెలసినది ఆయన గోపురమే.

ఇంతవఱకు చదివినవారు కళాపక్షమే గెలిచినదని తలంతురేమో. ఆ వేసవి యందు మెచ్చదగినవి రెండు స్పష్టముగా కనబడుచున్నవి. మొదటిది, ప్రేక్షకుడు వేఱు, కర్త వేఱు అను గోడ లేకుండుట. ఆడినవారే తెరలు కట్టిరి, తెరలు కట్టినవారే వినిరి, వినినవారే గిన్నెలు తోమిరి. రెండవది, ఓటమికి చోటుండుట. పదిమంది నడుమ తన సంకల్పము నేలకూలగా నవ్వగలిగిన ఆచార్యుని చూచుట విద్యార్థులకు గ్రంథములలో దొరకని పాఠము. మార్కులు తప్పిన పిల్లలు ఊరు విడిచిపోవుట, అంతకు మించిన ఘోరమునకు పాల్పడుట మనము వార్తాపత్రికలలో చదువుచున్నాము. తప్పిన మఱునాడు ఎట్లు బ్రతుకవలెనో ఎవరును నేర్పకుండుట ఆ ఘోరములకు ఒక కారణము.

మొదటి గుణమునకు సజీవోదాహరణము రూత్ అసావా అను విద్యార్థిని. ఆమె 1926లో కాలిఫోర్నియాలో జపాను దేశము నుండి వలసవచ్చిన రైతుకుటుంబమున జన్మించెను. రెండవ ప్రపంచయుద్ధ కాలమున అమెరికా ప్రభుత్వము జపాను సంతతి వారిని ఇండ్ల నుండి తరలించి శిబిరములలో ఉంచినప్పుడు ఆమెయు బందీ యయ్యెను. తరువాత ఉపాధ్యాయురాలు కావలెనని శిక్షణ కళాశాలలో చేరెను. జపాను వంశమునకు చెందినదను కారణమున బోధనాభ్యాసమునకు ఆమెను ఏ పాఠశాలకును పంపలేదు. పట్టము లేకయే ఆమె 1946లో బ్లాక్ మౌంటెన్ చేరెను. అచట బట్టలపై గుర్తు వేయుటకు వాడు కళాశాల రబ్బరు ముద్రను తీసికొని, దాని అక్షరములనే మఱల మఱల అద్ది కాగితముపై అలల వంటి చిత్రములను తీర్చెను. చాకిరేవు పనిముట్టు చిత్రకారిణి కుంచె యయ్యెను. మన పాఠకులకు కాయకమను మాటను విడమరచి చెప్పవలసిన పని లేదు. చేతిపనిని హీనముగా నెంచని చోట కళకు కావలసిన సామగ్రి ఆ పనిలోనే దొరకునని ఈ చిన్న ముద్ర తెలుపుచున్నది.

ఇక ప్రతిపక్షమును వినవలెను. దానిని దుర్బలముగా చెప్పి గెలుచుట న్యాయము కాదు. ఇంతటి కళాసంపద గల ఆ కళాశాలలో మనుష్యులు ఎట్లు ప్రవర్తించిరి? స్థాపకుడగు రైస్ మీద సహచరులకు విశ్వాసము సడలెను. ఆయన 1940లో వైదొలగవలసి వచ్చెను. 1944లో అధ్యాపకవర్గము రెండుగా చీలి కొందఱు శాశ్వతముగా వెడలిపోయిరి. మనము కొనియాడిన 1948 వేసవిలో సైతము, సాటీని సమర్థించుచు కేజ్ చేసిన ప్రసంగము బెథోవెన్ సంగీతమును తప్పుపట్టగా, జర్మనీ సంప్రదాయమును ఆరాధించు సంగీతజ్ఞులు మండిపడిరి. ఆ మఱుసటి యేట, 1949లో, పదునాఱు సంవత్సరములు అచట పాటుపడిన ఆల్బర్స్ దంపతులు వివాదముల నడుమ రాజీనామా చేసి వెడలిరి. పిదప ధనము లేక, భూములమ్ముకొనుచు, కళాశాల 1957లో మూతపడెను. కన్నులు తెరచిన వారికి ఒకరి ముఖమొకరికి కనబడలేదా అని ప్రతిపక్షి ప్రశ్నించును.

ఆతని యొద్ద ఇంతకంటె తీక్ష్ణమగు బాణమున్నది. ఆల్బర్స్ విడిచివచ్చిన జర్మనీ దేశము సంగీతమున లోకమునకు గురువు వంటిది. ఆ దేశపు పాలకులే పోలండు నేలపై ఆష్విట్జ్ మారణశిబిరమును నడిపిరి. అచట బందీలచే వాద్యబృందములు ఏర్పాటు చేయించిరి. కూలికి పోవు బందీల అడుగులకు తాళముగాను, కాపలా అధికారుల విశ్రాంతికి వినోదముగాను ఆ సంగీతము వినియోగపడెను. పగలు పసిపిల్లలను మృత్యుముఖమునకు పంపి సాయంకాలము రాగమునకు తల యూపిన మనుష్యులు చరిత్రలో నిజముగా నుండిరి. సంగీతము తెలిసినవాడు కీడు తలపెట్టలేడను మాట ఈ ఒక్క సత్యము ముందు నిలువదు. మన యింటి పెద్దలలో రెండవపక్షము వారు దీనిని అంగీకరింపక తప్పదు.

అట్లని మొదటిపక్షము వారు గెలిచిరా? కళ వ్యసనమనియు, పిల్లలను చెడగొట్టుననియు ఈ ఉదాహరణముల వలన సిద్ధింపదు. ఆ అధికారులు క్రూరులగుట సంగీతము వలన కాదు. రైస్ మీది అసంతృప్తికి నాటకములు కారణము కావు. గణితము చదివినవారిలోను, తర్కము చదివినవారిలోను, ధర్మశాస్త్రము చదివినవారిలోను దుష్టులున్నారు. అందువలన గణితమును, తర్కమును, ధర్మశాస్త్రమును ఎవరును మానుకొనుట లేదు. కళను మాత్రము శీలపరీక్షకు నిలబెట్టి, అందు తప్పినదని దానిని బహిష్కరించుట పక్షపాతము. గణితము నడిగిన పని గణితము చేయుచున్నది. కళ చేయు పని యేమో ముందు తెలిసికొని, ఆ పనిలోనే దానిని పరీక్షింపవలెను.

ఇచట ఆల్బర్స్ మాట మనకు తోడ్పడుచున్నది. ఆయన కన్నులు తెరపింతుననెను గాని మంచివారిని చేయుదుననలేదు. చూపు వేఱు, నడత వేఱు. చిత్రలేఖనము నేర్చినవాడు ఒక రంగు ప్రక్కన మఱియొక రంగు ఉంచినప్పుడు రెండును మారుటను చూడగలుగును. నాటకము నేర్చినవాడు తాను కాని మఱియొకని మాటను, నడకను, దుఃఖమును కొంతసేపు మోయగలుగును. సంగీతము నేర్చినవాడు తాను ఊరకుండి ఇతరుల స్వరమును వినగలుగును. ఇవి యన్నియు శక్తులు. శక్తిని మంచికిని వాడవచ్చును, చెడుకును వాడవచ్చును, వాడక తుప్పు పట్టనీయవచ్చును. శీలమన్ననో, తెలిసిన మంచిని చేయుటకు నిత్యము అలవాటుపడుట. అది ప్రతిదినము చేయు నిర్ణయములచేత, కొంత నష్టమునకు ఓర్చుటచేత మాత్రమే కుదురును. దీపము గుంటను చూపును. గుంటను దాటవలసినది కాళ్లు.

ఈ భేదము కేవలము మాటల నేర్పు కాదని చూపుటకు ఆ కళాశాల చరిత్రలోనే మఱియొక ఘట్టమున్నది. ఆ కాలమున అమెరికా దక్షిణ రాష్ట్రములలో నల్లజాతి వారికి వేఱు పాఠశాలలు, వేఱు రైలుపెట్టెలు, వేఱు నీటి కుళాయిలు చట్టము చొప్పున అమలులో నుండెను. 1944 వేసవిలో జరిగిన సంగీత శిక్షణకు ఆల్మా స్టోన్ విలియమ్స్ అను నల్లజాతి యువతిని బ్లాక్ మౌంటెన్ కళాశాల చేర్చుకొనెను. పాఠశాలలలో జాతిభేదము చెల్లదని ఆ దేశపు సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పినది 1954లో. అనగా ఈ చిన్న కళాశాల పది సంవత్సరములు ముందుగా అడుగు వేసెను. అయితే ఆ అడుగు సంగీతము విని కరగిన హృదయముల వలన తనంత తానుగా పడినది కాదు. అధ్యాపకులు సభలలో వాదించుకొనిరి. కొందఱు భయపడిరి, పొరుగువారు ఏమందురో, ప్రాణములకు ముప్పు వచ్చునేమో యని జంకిరి. తుదకు నిర్ణయించి, ఆ నిర్ణయపు బరువును మోసిరి. సంగీతము తలుపు తెరచెను. గడప దాటించుటకు మనుష్యుల ధైర్యము కావలసి వచ్చెను.

ఆ ధైర్యమునకును హద్దు లుండెను. 1946 వేసవిలో జేకబ్ లారెన్స్ అను ప్రసిద్ధ నల్లజాతి చిత్రకారుడు ఆల్బర్స్ ఆహ్వానముపై భార్యతో కలసి బోధించుటకు వచ్చెను. దారిలో నల్లవారి పెట్టెలోనికి మారవలసిన అవమానము వారికి కలుగకుండ ఆల్బర్స్ వారి కొఱకు ప్రత్యేకమగు రైలుపెట్టెను ఏర్పాటు చేసెను. కళాశాల ఆవరణలో వారు అందఱతో సమానముగా నుండిరి. కాని ఆ వేసవియంతయు వారు ఆష్‌విల్ పట్టణములో అడుగు పెట్టలేదు. అవమానింపబడుటకు పోనేల యని ఊరకుండిరి. ఈ ప్రత్యేకపు పెట్టెను గూర్చి మనమేమనవలెను? అతిథి గౌరవమును కాపాడినది గనుక మెచ్చవలెను. అదే సమయమున, ఆ రైలులోని ఇతర నల్లవారు తమ పెట్టెలోనే యుండిరి గనుక అది చాలదనియు ఒప్పుకొనవలెను. కంచెకు లోపల సమత్వము, కంచెకు వెలుపల మౌనము. ఇది ఆ కళాశాలకు మాత్రమే చెందిన లోపమని యనుకొందుమా? సభలో సమత్వమును గూర్చి గంటసేపు ఉపన్యసించి, ఇంటికి వచ్చి పనివానికి వేఱు గ్లాసు పెట్టు వారు మన నడుమ లేరని చెప్పగలమా?

కావున మూలప్రశ్నకు సమాధానము ఇట్లు తేలుచున్నది. కళ తనంత తానుగా శీలమును దిద్దదు, చెఱుపదు. అది చూపునిచ్చును. ఆ చూపు నడతగా మారుట, కళను నేర్పు చోట మనుష్యులు ఒకరితో ఒకరు ఎట్లు మెలగుదురను దానిపై ఆధారపడును. బ్లాక్ మౌంటెన్ వేసవిలో విద్యార్థులను దిద్దినది సాటీ స్వరములు మాత్రమే కాదు. ఆ స్వరముల కొఱకు కుర్చీలు మోసిన చేతులు, కూలిన గోపురము నొద్ద కలసి నవ్విన నవ్వు, కారు క్రింద ఉంచిన పేరు లేని కానుకలు వారిని దిద్దెను. ఈ మెలగుడు సడలినప్పుడు అంతటి కళాకారులు ఉండియు కళాశాల నిలువలేదు.

మన విద్యాసంస్థలలో ఉత్సవములు జరుపువారు దీని వలన గ్రహింపవలసినది కొంత యున్నది. ఎంత ఖర్చు పెట్టవలెను అను ప్రశ్నకు ముందు మూడు ప్రశ్నలు వేసికొనుట మంచిది. మొదటిది: ఉత్సవము ముగిసిన రాత్రి సభామండపమును ఊడ్చునది ఎవరు? వేషము కట్టిన విద్యార్థి పూలదండతో ఇంటికి పోగా, ఆయా ఒకతె అర్ధరాత్రి వఱకు కాగితములు ఏరుచున్నచో, ఆ నాటకము ఎంత ధర్మబోధ చేసినను పిల్లలు నేర్చుకొన్న పాఠము మఱియొకటి. ఆడినవారే ఊడ్వవలెను. అధ్యాపకులు ముందుగా చీపురు పట్టవలెను.

రెండవది: ముందు వరుసలో ఎవరు కూర్చుండుదురు, వేదిక పైకి ఎవరు రారు? దాతల పిల్లలకు రాజు వేషములును, వసతిగృహపు పిల్లలకు భటుల వేషములును దక్కుచున్నవా? ఇంటికడ వీణ నేర్చిన బాలికకే పాటయు, గొంతు మంచిదైనను నేర్పువారు లేని బాలికకు హారతి పళ్లెము పట్టుటయు విధింపబడుచున్నవా? వేల రూపాయలిచ్చి పట్టణము నుండి వాద్యబృందమును రప్పించి, పిల్లలనందఱను చప్పట్లు కొట్టువారిగా కూర్చుండబెట్టుట సులభము. అందు కళ యుండవచ్చును గాని విద్య యుండదు. ఆ ధనములో నాల్గవ వంతుతో ఒక సంవత్సరము పాటు వారమునకొక దినము పాట నేర్పు ఉపాధ్యాయుని నియమింపవచ్చును.

మూడవది: మాట మఱచిపోయిన పిల్లవానికి ఏమి జరుగును? వేదికపై పద్యము నడుమ ఆగిపోయిన బాలుని చూచి సభ పకపక నవ్వి, ఇంటివారు కోపించి, మఱి యెన్నడును వానిని వేదిక యెక్కనీయరేని, కళ వానికి భయమును మాత్రమే నేర్పినదగును. వానికి మఱుసటి మాసముననే ఇంకొక అవకాశమిచ్చు సంస్థ వానిని బ్రతికించు సంస్థ. ఫుల్లర్ గోపురము మొదటి వేసవిలో లేవకపోయినను రెండవ వేసవికి ఆయనను పిలిచినవారు ఉండుట వలననే అది నిలిచినది. బహుమతుల పట్టికలో మొదటి ముగ్గురి పేర్లు వ్రాయుట అందఱికిని తెలిసిన పని. తప్పినవానిని పేరు పెట్టి మఱల పిలుచుట ఉపాధ్యాయుని పని.

ఈ మూడు ప్రశ్నలకు తృప్తికరమగు సమాధానములు దొరకు చోట, పేదసంస్థయైనను కళకు కొంత కాలము, కొంత ధనము వెచ్చించుట ధర్మమే. అన్నము ముందు, ఆట తరువాత అను మాట సత్యమే. కాని ఆకలి తీరిన పిల్లవానికి ఇతరుల ఆకలి కనబడవలెనన్నచో వానికి చూపు కావలెను. ఆ మూడింటికి సమాధానము దొరకని చోట ఎంత వైభవముగా జరిపినను అది ఆడంబరము. అందు వెచ్చించిన ప్రతి రూపాయియు భోజనశాల నుండి తీసినదే.

రూత్ అసావా తరువాతి జీవితము ఈ సందర్భమున స్మరింపదగినది. ఆమె ఇనుప తీగను అల్లి చేసిన శిల్పములచేత ప్రసిద్ధురాలయ్యెను. ఆఱుగురు బిడ్డల తల్లి యయ్యెను. 1968లో శాన్ ఫ్రాన్సిస్కో నగరమున ఒక పాఠశాలలో తోటి తల్లితో కలసి బాలుర కొఱకు కళాశిక్షణ ప్రారంభించెను. ధనము లేకపోగా, పాలు పోసిన అట్టపెట్టెలు, కోడిగ్రుడ్లు సర్దిన అట్టలు, ఉప్పు, నీరు కలిపిన పిండిముద్ద అందు వారికి సామగ్రి యయ్యెను. అది క్రమముగా ఆ నగరములోని అనేక పాఠశాలలకు ప్రాకెను. పట్టము కొఱకు చదువుచుండగా బోధనాభ్యాసమునకు ఏ బడియు చేరనీయని ఆమె పేరు 2010లో ఆ నగరపు కళాపాఠశాల కొకదానికి పెట్టబడెను. ఆమె 2013లో మరణించెను. చిన్ననాట తనను ముళ్లకంచెలో ఉంచిన సమాజపు బిడ్డలకే ఆమె పిండిముద్దతో బొమ్మలు చేయుట నేర్పెను. ఆ ఓర్పు ఆమెకు కళ వలన వచ్చినదా, శీలము వలన వచ్చినదా అని యెవరైన విడదీయబోయిన యెడల విడదీయజాలరు. ఆమెలో చూపును నడతయు ఒకటే పనిలో కలసియుండెను. మన పిల్లలకు కోరదగినది ఆ కలయికయే. అట్టి కలయికను పెంచుటకు మన యింటను, మన మఠములోను ఈ యేటి ఉత్సవము నాటికి ఏమి చేయవచ్చునో పెద్దలు ఆలోచింతురు గాక.